అనుమతి లేని ఆసక్తి

విశ్వం పుట్టి పదమూడు వందల కోట్ల ఏళ్లు దాటింది. ఇన్నేళ్లుగా గ్రహాలు తిరుగుతున్నాయి, నక్షత్రాలు మండుతున్నాయి, చేతిలోంచి జారిన ప్రతి వస్తువూ పొల్లుపోకుండా కిందికే పడుతోంది. అయితే ఇదంతా ఆసక్తికరంగా ఉందా లేదా అన్న సంగతి అధికారికంగా తేల్చడానికి మాత్రం మొన్నటి విద్యా సంవత్సరం దాకా ఎవరికీ తీరిక దొరకలేదు. ఆ లోటును విద్యాశాఖ పూడ్చింది. విచారించి, తేల్చేసింది కూడా. ఆసక్తికరంగా లేదు.

ఈ నిజం ఒక సర్వేలో బయటపడింది. "ఫిజిక్స్ పీరియడ్‌లో మీరు ఎక్కువసేపు చేసే పని ఏమిటి?" అని సీనియర్ తరగతుల పిల్లలను అడిగితే, నూటికి డెబ్భై మంది "కిటికీలోంచి చూడటం" అని రాశారు. (మిగతా ముప్పై మందివి కిటికీల్లేని గదులు.) శాఖ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. ముందు కిటికీలన్నీ మూయించేద్దామన్న ప్రతిపాదన వచ్చింది గానీ, ఉక్కపోతకు తట్టుకోలేక ఆ ప్రతిపాదన చేసిన సంఘమే మీటింగులో కిటికీ తెరిపించుకోవడంతో అది వీగిపోయింది. తర్వాత ముప్పై ఎనిమిది పేజీల సర్క్యులర్ వచ్చింది. దాని సారాంశం ఒక్క వాక్యం: ఇకమీదట ఫిజిక్స్ పాఠము ఆసక్తికరముగా ఉండవలెను, ఉండనిచో కారణములను మూడు ప్రతులలో తెలుపవలెను.

సర్క్యులర్ ఒక సోమవారం పొద్దున ఆ బడి స్టాఫ్ రూముకు చేరింది. మధ్యాహ్నానికల్లా దాని మీద నాలుగు టీ గ్లాసుల ముద్రలు పడ్డాయి. అయిదో గ్లాసు పడేలోగా దాన్ని ఘర్షణ మేడం తీసుకుంది.

ఘర్షణ మేడానికి ఎవరితోనూ తగాదాల్లేవు. ఆమె సీనియర్లకు ఫిజిక్స్ చెబుతుంది. ఒకసారి వానకు తడిసిన వరండాలో కాలు జారి పుస్తకాలతో సహా కూలబడింది. లేపడానికి పరిగెత్తుకొచ్చిన ఇద్దరమ్మాయిలను చెయ్యెత్తి ఆపి, కూర్చున్న చోటునుంచే, నేలకూ చెప్పుకూ మధ్య నీటిపొర చేరితే ఘర్షణ ఎలా తగ్గుతుందో సావకాశంగా వివరించి, ఆ తర్వాతే లేచింది. పేరు అప్పుడు పడింది. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఆమెకు దక్కిన బిరుదు అదొక్కటే.

ఆమె సర్క్యులర్‌ను మొదటినుంచి చివరిదాకా చదివింది. (శాఖ మొత్తమ్మీద ఈ పని చేసింది ఆమె ఒక్కతే. సంతకం పెట్టినవారితో కలిపి.) విషయం ఇదీ. బోర్డు పక్కన స్టాండు మీద ఒక ఫోను పెట్టాలి. అందులో 'ఉత్సాహమిత్ర' అనే యాప్ ఉంటుంది. అది పిల్లల మొహాలను చూస్తూ ఉంటుంది. తల ఎత్తి ఉండి, నోరు తెరుచుకుని ఉంటే ఆసక్తి. తల దించితే నిద్ర. తల పక్కకు తిరిగితే కిటికీ. బెల్లు కొట్టగానే ఇంత శాతం అని చెప్పేస్తుంది. ఆరు నెలల సగటు అరవైకి తగ్గితే ఆ బడిలో ఫిజిక్స్ రద్దు. దాని బదులు 'సామాన్య ఉల్లాసం' అనే కొత్త సబ్జెక్టు పెడతారు. (దానికి పుస్తకం ఇంకా రాయలేదు. పరీక్ష తేదీలు మాత్రం ప్రకటించారు.)

ప్రిన్సిపాల్ ఆమెను గదికి పిలిచాడు. మంచివాడే. భయస్తుడు.

"చూడండమ్మా, మన బళ్లో ఫిజిక్స్ ఉండాలా పోవాలా అన్నది ఇక మీ చేతుల్లో ఉంది."

"నా చేతుల్లో ఏముంది సార్. పిల్లల దవడల్లో ఉంది."

"ఏదో ఒకటి చెయ్యండి. కాస్త సరదాగా చెప్పండి."

"నేను సరదాగానే చెప్తానండీ. నాకైతే సరదాగానే ఉంటుంది."

ప్రిన్సిపాల్ ఆమె వైపు జాలిగా చూశాడు.

పన్నెండో తరగతిలో ముప్పై నలుగురు ఉన్నారు. అందరిలోకీ వెనక, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయిని తోటి పిల్లలు మ్యూట్ అంటారు. రెండేళ్లలో ఆమె క్లాసులో మాట్లాడింది "ప్రెజెంట్ మేడం" అన్న రెండు మాటలే. ఫిజిక్స్ ఉన్న ఇంకో బడికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. రెండు బస్సులు మారి చదివే చదువేదీ మా పిల్లకు అక్కర్లేదని వాళ్లమ్మ ముందే చెప్పేసింది. ఇది ఘర్షణ మేడానికి తెలుసు. మొదటి నెల సగటు ముప్పై ఒకటి అని తేలినరోజు ఆమె చూపు, తను వద్దనుకున్నా, ఆ కిటికీ వైపే పోయింది.

రెండో నెలలో శిక్షణకు పంపారు. ఊరవతల ఒక హాలు, వంద కుర్చీలు, టైతో ఒక శిక్షకుడు.

"ఫిజిక్స్ అన్న మాట వినపడగానే పిల్లల్లో ఆసక్తి పదకొండు శాతం పడిపోతుందని మా అధ్యయనంలో తేలింది. కాబట్టి ఆ మాట వాడకండి."

"మరేమనాలండీ?" ఘర్షణ మేడం అడిగింది.

"'మన చుట్టూ వింతలు' అనండి. ప్రతి ఏడు నిమిషాలకూ ఒక ఆశ్చర్యం ఉండాలి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌కు ఆరు ఆశ్చర్యాలు, మూడు నిమిషాల విశ్రాంతి."

"ఆరు ఆశ్చర్యాలయ్యాక పాఠం ఎప్పుడు చెప్పాలి?"

శిక్షకుడు చిరునవ్వు నవ్వాడు. ఇలాంటి ప్రశ్నకు చిరునవ్వే జవాబని శిక్షకుల శిక్షణలో చెబుతారు.

వచ్చేటప్పుడు అందరికీ తలో టోపీ ఇచ్చారు. టోపీకి రెండు స్ప్రింగులు, వాటి చివర ఊగులాడే పసుపుపచ్చ బంతులు. అవి ఎలక్ట్రాన్లు. ఆమె దాన్ని రెండు వారాలు పెట్టుకుంది. మొదటిరోజు పిల్లలు నవ్వారు, రెండోరోజు జాలిపడ్డారు, మూడోరోజునుంచి గమనించడం మానేశారు. శాతం మాత్రం ముప్పై ఎనిమిదికి ఎగబాకింది. ఏమిటా అని చూస్తే, కిటికీ అద్దంలో కనిపిస్తున్న ఆ రెండు బంతులను యాప్, కళ్లింతలు చేసుకుని చూస్తున్న ఇద్దరు కొత్త విద్యార్థులుగా లెక్కేసుకుందట.

టోపీని తీసుకెళ్లి ల్యాబ్‌లో పడేస్తుంటే ల్యాబ్ అటెండర్ చూశాడు. రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న మనిషి. ఆమె బడికి వచ్చిన మొదటిరోజునుంచీ అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

"ఈ వేషాలన్నీ మీకెందుకు తల్లీ? వచ్చిన కొత్తలో తాడుకు కట్టి పేద్ద ఇనుప గుండు ఊపేవారు గుర్తుందా? ఆ పూట నేను పని మానేసి గుమ్మంలో నిలబడిపోయా."

"దాన్ని వేలాడదీసే కొక్కేనికి ఫ్యాను బిగించారుగా బాబాయ్."

"ఆ ఫ్యాను రిపేరుకని పోయి మూడేళ్లయింది. కొక్కెం ఖాళీగానే ఉంది."

ఆమె క్లాసు గదిలోకి వచ్చి తలెత్తి చూసింది. నిజంగానే ఖాళీగా ఉంది. మూడేళ్లుగా రోజూ దాని కిందే నిలబడి పాఠం చెబుతోంది.

ప్రయోగం చాలా చిన్నది. కప్పునుంచి తాడుతో పది కిలోల ఇనుప గుండు వేలాడదీస్తారు. గోడకు ఆనుకుని నిలబడి, గుండును ముక్కుదాకా లాగి, తోయకుండా ఊరికే వదిలేస్తారు. అది గది అవతలికి పోయి, అంత వేగంతోనూ మొహం మీదికి తిరిగొస్తుంది. కదలకుండా నిలబడాలి. ముక్కు దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆగి తీరాలి. వదిలిన ఎత్తుకంటే పైకి పోవడానికి కావలసిన శక్తి దాని దగ్గర లేదు.

ఇంత చిన్న ప్రయోగానికి 'ఆశ్చర్య పూర్వానుమతి పత్రం' నింపాలి. ఆశ్చర్యము యొక్క స్వభావము, ఆశ్చర్యము మొదలగు సమయము, ముగియు సమయము, ఆశ్చర్యపడువారి సంఖ్య, విద్యార్థులు అప్పటికప్పుడు అడగబోవు ప్రశ్నలు (కనీసం మూడు, జవాబులతో సహా). ఆమె అన్నీ నింపి పంపింది. వారానికి తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఒక అభ్యంతరం: 'గుండు ఉపాధ్యాయురాలి ముక్కుకు తగలదనుటకు ఆధారమేమి?'

'శక్తి నిత్యత్వ నియమం' అని రాసి పంపింది.

ఇంకో వారం. 'సదరు నియమము ఏ తేదీన జారీ అయినది? ఉత్తర్వు సంఖ్య ఎంత? తదుపరి సవరణలేమైనా కలవా?'

'సవరణలు లేవు' అని రాసింది. ఈ ఒక్క జవాబూ శాఖకు నచ్చినట్టుంది. సవరణల్లేని నియమాన్ని వాళ్లు అదే మొదటిసారి చూడటం. చివరికి అనుమతి ఇస్తూ ఒకే షరతు పెట్టారు: ఆ రోజు పదకొండు గంటలనుంచి పదకొండు నలభై అయిదు వరకు సదరు నియమము బడి ఆవరణలో అమలులో ఉండునని ప్రిన్సిపాల్ ధ్రువీకరించవలెను.

ప్రిన్సిపాల్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రేపు ఏదైనా తేడా వస్తే సంతకం నాదమ్మా."

"ఆ నియమంలో తేడా వస్తే సార్, మీ సంతకం గురించి అడగడానికి ఎక్కడా ఎవరూ మిగలరు."

ఆయనకు ఆ మాటలో కొండంత ధైర్యం దొరికింది. సంతకం పెట్టాడు. పెన్సిల్‌తో.

ఆ రోజు తనిఖీకి ఒక అధికారి కూడా వచ్చాడు. ఆసక్తి తనిఖీ అధికారి అని మెడలో కార్డు. సన్నగా, పొడుగ్గా, రోజుకు నాలుగు బళ్లు తిరిగిన మొహం. మాట్లాడకుండా పోయి ఆఖరి బెంచీలో, మ్యూట్ పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు బల్ల కింద పట్టక పక్కకు పెట్టుకున్నాడు.

ఘర్షణ మేడం టోపీ పెట్టుకోలేదు. వింతలనీ అనలేదు. గోడకు వీపు ఆనించి, రెండు చేతులతో గుండును ముక్కుదాకా లాక్కుంది. ఇనుము చల్లగా తగిలింది. పదకొండేళ్లయింది ఈ పని చేసి. నియమం మీద నమ్మకముంది. కొక్కెం మీద అంత లేదు. గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ కళ్లు మూసుకున్నాడు.

వదిలింది.

గుండు గది అవతలి కొసకు పోయింది. ముందు బెంచీవాళ్లు పక్కకు ఒరిగారు. అక్కడ అరక్షణం ఆగి, తిరుగుముఖం పట్టింది. "మేడం!" అని ఎవరో కేక పెట్టారు. ఆమె కదల్లేదు. గుండు మొహం మీదికొచ్చి, పెద్దదై, పెద్దదై, ఆగి, వెనక్కి పోయింది. అది తెచ్చిన గాలికి ఆమె నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి.

క్లాసంతా ఒక్క పెట్టున ఊపిరి వదిలింది. చప్పట్లు కొట్టారు. ఆమె పత్రంలో రాసి పంపిన మూడు ప్రశ్నల్లో మొదటిది ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. వెనకనుంచి, ఆమె ఎప్పుడూ వినని గొంతు ఒకటి వినపడింది.

"మేడం, ముక్కుదాకా రాలేదు."

అందరూ వెనక్కి తిరిగారు. మ్యూట్ లేచి నిలబడి ఉంది. తను లేచినట్టు తనకే తెలిసినట్టు లేదు.

"వదిలింది ముక్కు దగ్గర. వచ్చి ఆగింది ఒక వేలెడు ఇవతల. ఆ వేలెడు ఎక్కడికి పోయింది?"

ఘర్షణ మేడానికి జవాబు తెలుసు. పందొమ్మిదేళ్లుగా తెలుసు. నోటిదాకా వచ్చిన ఆ జవాబును మింగేసింది. అది ఆమె ఆ రోజు చేసిన రెండో సాహసం.

"నాకేం తెలుసు. వెతకండి," అంది.

ఆ తర్వాత గదిలో జరిగినదాన్ని పాఠం అనడానికి లేదు. ఒకడు సుద్దముక్కతో గోడ మీద గుండు ఆగిన చోటల్లా గీతలు పెట్టాడు. ఇద్దరు ఊపులు లెక్కపెట్టారు. ఒకమ్మాయి కొక్కెం కిర్రుమంటోందని, పోయిందంతా ఆ చప్పుడులోకే పోయిందని వాదించింది. ఇంకొకడు బల్లెక్కి కొక్కేన్ని ముట్టుకుని వేడెక్కిందన్నాడు, ఇంకొకడు అది నీ చెయ్యి వేడి అన్నాడు. గుండుకు అడ్డంగా అట్ట కట్టి గాలిని పరీక్షించారు. కాసేపటికి అరుపులు తగ్గాయి. ముప్పై నాలుగు తలలు నోటుబుక్కుల మీదికి వంగాయి. గీతల మధ్య దూరం ఎలా తగ్గుతోందో లెక్క వేస్తున్నారు. గదిలో పెన్నుల చప్పుడు, తాడు చప్పుడు తప్ప ఇంకేం లేదు. బెల్లు కొట్టింది. ఎవరూ లేవలేదు. తనిఖీ అధికారి చేతిగడియారం విప్పి మ్యూట్ ముందు పెట్టి, "సెకన్లు నేను చెప్తా, నువ్వు రాసుకో" అంటున్నాడు.

అప్పుడు ఉత్సాహమిత్ర టింగుమంది. ఆ రోజు ఆసక్తి: మూడు శాతం. వివరాలు: నిద్రలో ఉన్నవారు ముప్పై ఇద్దరు. స్పృహ లేనివారు ఒకరు. బెల్లు తర్వాత కూడా గదిలో ఉండిపోయినవారు, అనగా లేచి పోవుటకు ఓపిక లేనివారు, ముప్పై నలుగురు.

అధికారి ఫోను చూశాడు, క్లాసు చూశాడు, మళ్లీ ఫోను చూశాడు.

"నేను కళ్లారా చూశాను మేడం. కానీ చూసింది రాయడానికి ఇందులో గడి లేదు."

"కింద 'ఇతరములు' అని ఉంటుందేమో చూడండి సార్."

"ఉంది. అందులో 'లేవు' అని ముందే అచ్చేశారు."

గడియారం పెట్టుకుని, ఇంకో బడికి టైమవుతోందని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె సంచి భుజాననే ఉంచుకుని ఇంటి గుమ్మంలో కూర్చుంది. భర్త ఫ్రిజ్ మెకానిక్. ఇంటిపక్క రేకుల షెడ్డే అతని వర్క్‌షాపు. చేతులకున్న నూనె తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఏమైందోయ్, గుండు తగిలిందా?"

"తగిలితే బాగుండేదండీ. అందరూ నోళ్లు తెరిచేవాళ్లు."

మర్నాడు ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. పిల్లల దగ్గర దాచడం ఎందుకు? వాళ్ల చదువు పోబోతోందన్న సంగతి వాళ్లకే తెలియకపోతే ఎలా? స్టాండులో ఫోను పెట్టి, సర్క్యులర్ తీసి, మొదటి పేజీనుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"'పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి, సూచిక ఒకటి నుండి తొమ్మిది వరకు గల ఉత్తర్వులను అనుసరించి, దిగువ పేర్కొన్న అధికారులకు తెలియజేయునదేమనగా...'"

రెండో పేజీ తిరిగేసరికి ముందు బెంచీలో ఒక ఆవలింత లేచింది. ఆవలింత ఒకచోట ఆగేది కాదు. మూడో పేజీకి అది సగం గదికి పాకింది. నాలుగో పేజీలో నిర్వచనాలు వచ్చాయి. ముప్పై నాలుగు నోళ్లు గుహల్లా తెరుచుకున్నాయి. తలలు వెనక్కి వాలి, మొహాలు నిక్కచ్చిగా బోర్డు వైపు నిలిచాయి. నిద్రలోకి జారకుండా పెద్దవి చేసుకున్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

టింగు. తొంభై ఏడు శాతం. 'అభినందనలు! లక్ష్యము నెరవేరినది' అని చూపించి యాప్ ఆగిపోయింది. తొంభై దాటితే బ్యాటరీ పొదుపు కోసం తనంతట తానే ఆగిపోవాలని ముప్పై ఒకటో పేజీలో ఉంది.

పిల్లలు ఆవలింతలు మధ్యలో ఆపి ఫోను వైపు తిరిగారు.

"దానికి ఆవలింతకీ ఆశ్చర్యానికీ తేడా తెలీట్లేదు మేడం," అంది మ్యూట్. నిన్నటినుంచి ఆమెకు మాట్లాడటం అలవాటవుతోంది.

"అయితే ఏమంటావ్?"

"రోజూ నాలుగు పేజీలు చదవండి. అది ఆగిపోగానే పాఠం చెప్పండి."

"అది మోసం కాదుటమ్మా?"

"మోసమెలా అవుతుంది మేడం? మేం నటించట్లేదు. నిజంగానే ఆవలిస్తున్నాం."

ఘర్షణ మేడం ఆ వాదనలో తప్పు వెతికింది. దొరకలేదు. ఆ రోజు మిగిలిన ముప్పై నిమిషాల్లో వేలెడు సంగతి తేల్చారు: కొంత గాలి, కొంత కొక్కెం దగ్గరి ఘర్షణ తినేశాయి.

ఆ నాలుగు నెలలూ ఆమె జీవితంలో మంచి నెలలు. పది నిమిషాలు సర్క్యులర్, తర్వాత ఫిజిక్స్. ఆరు నెలల సగటు డెబ్భై అయిదు తేలింది. ఫిజిక్స్ నిలిచింది. ప్రిన్సిపాల్ పెన్సిల్ సంతకం మీద ధైర్యంగా పెన్నుతో దిద్దాడు.

కానీ శాఖలో అలాంటి శాతం ఎవరికీ ఎప్పుడూ రాలేదు. ఒకరోజు మూడు కెమెరాలతో, రెండు గొడుగు దీపాలతో ఒక బృందం దిగింది. ఆదర్శ పాఠాన్ని చిత్రీకరించాలట. ఆమె భయపడుతూనే సర్క్యులర్ తీసింది. యాప్ ఆగిపోయిన క్షణమే వాళ్లూ కెమెరాలు ఆపేశారు. "అద్భుతం మేడం," అన్నాడు దర్శకుడు, చేత్తో నోరు మూసుకుంటూ. ఆ పది నిమిషాల్లో ఫిజిక్స్ ఒక్క ముక్క కూడా లేదన్న సంగతి ఏడు సంఘాలు పరిశీలించాయి, ఏడింటికీ పట్టలేదు.

నెల తిరిగేసరికి అన్ని బళ్లలోనూ ఫిజిక్స్ పీరియడ్ అంటే ఆ వీడియోనే. పీరియడ్‌కు నాలుగుసార్లు. ఆమె బడికీ వచ్చింది. ఆమెకు 'ఆదర్శ ఆసక్తి గురువు' అని ఒక శాలువా కప్పి, చేతిలో రిమోట్ పెట్టారు. ఇకపై ఆమె పని గది మూలన కూర్చుని, గోడ మీద తనను తాను మొదలుపెట్టడం, ఆపడం. ఆదర్శ పాఠము ఉండగా అదే ఉపాధ్యాయురాలు మరొక పాఠము చెప్పుట పునరుక్తి కిందికి వచ్చునని ఉత్తర్వు.

మొదటివారం ఆమె ఓపిక పట్టింది. రెండోవారం తెర మీది గొంతు నాలుగో పేజీకి వచ్చినప్పుడు, బెంచీల మధ్యనుంచి మ్యూట్ తన వైపు చూడటం గమనించింది. ఆ అమ్మాయి మళ్లీ కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. ఘర్షణ మేడం రిమోట్ వైపు చూసుకుంది. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క పది కిలోల గుండుకంటే బరువనిపించింది.

ఆ ఆదివారం మ్యూట్ ఇంకో ఇద్దరిని వెంటేసుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మేడం లోపల పనిలో ఉంది. వర్క్‌షాపులో ఆమె భర్త ఒక ఫ్రిజ్‌ను బోర్లా పెట్టి విప్పుతున్నాడు.

"అంకుల్, ఫ్రిజ్ లోపల చల్లగా ఉంటుంది కదా. మరి వెనకాల ఎందుకు కాలుతుంది?"

"లోపలి వేడి బయటికి తోలాలి కదమ్మా. ఇదుగో, ఈ గొట్టంలో గ్యాసు..."

"అలా చెప్తే ఎలాగండీ," అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. "పిల్లలూ, చెయ్యి పట్టండి." వాళ్ల అరచేతుల మీద తడిగుడ్డ పిండి, ఊదమంది. "ఎలా ఉంది? ఎందుకు?"

తర్వాతి ఆదివారం ఏడుగురు వచ్చారు. ఆపై ఆదివారం పన్నెండు మంది. పాత కంప్రెసర్ల మీద, చెక్క పెట్టెల మీద కూర్చునేవాళ్లు. "మన షెడ్డులో నాకే చోటు లేకుండా పోయిందోయ్," అని భర్త మురిసిపోతూ విసుక్కునేవాడు.

ఇది బయటికి పొక్కడానికి కారణం ఎవరి ద్వేషమూ కాదు. మ్యూట్ వాళ్లమ్మ సంతోషం పట్టలేక విద్యాశాఖకు ఉత్తరం రాసింది. మా అమ్మాయి ఆదివారం కూడా పొద్దున్నే లేచి ఫిజిక్స్ చదువుకోవడానికి పరిగెడుతోంది, ఇంట్లో నోరు మూయడం లేదు, ఆ మేడానికి మీరు నా తరఫున కృతజ్ఞతలు చెప్పగలరు అని.

శాఖ నోటీసు పంపింది. అభియోగం: ముందస్తు అనుమతి లేకుండా, యాప్ లేకుండా, రేకుల షెడ్డులో, సెలవు దినమున, పన్నెండు మంది విద్యార్థులకు ఆసక్తి కలిగించుట. రుజువైతే ఉద్యోగం పోతుంది. రుజువు కాకూడదంటే ఒక్కటే దారి. ఎవరికీ ఆసక్తి కలగలేదని తేలాలి.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. విచారణాధికారిగా వచ్చింది ఆ సన్నటి మనిషే. ఆమెను గుర్తుపట్టినట్టు ఎక్కడా కనిపించలేదు. పన్నెండు మందినీ ఒక్కొక్కరినే పిలిచాడు. పదకొండు మంది గడగడా అప్పజెప్పారు. "ఏమీ అర్థం కాలేదు సార్." "బోరు కొట్టింది సార్." "నేను ఫ్రిజ్ బాగుచేయించుకోవడానికి వెళ్లాను సార్." ఒక్కో జవాబుకూ ఘర్షణ మేడం తల కొంచెం కొంచెం వంగింది. అవి తనను కాపాడే మాటలని తెలుసు. అయినా పందొమ్మిదేళ్లుగా ఆ మాటలే వినకూడదని బతికిన మనిషి.

ఆఖరున మ్యూట్ వచ్చింది.

"ఆదివారాలు ఆ షెడ్డులో నీకేమనిపించేది?"

ఆమె మేడం వైపు చూసింది, అధికారి చేతిలో పెన్ను వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ ముందుగా వల్లె వేసుకున్న అబద్ధం ఎక్కడో అడ్డంపడింది.

"టైమ్ ఎలా అయిపోయేదో తెలిసేది కాదండీ."

ప్రిన్సిపాల్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అధికారి చాలాసేపు ఆ అమ్మాయిని చూశాడు. తర్వాత కాగితం మీదికి వంగాడు.

"అంటే నిద్రపోయేదానివన్నమాట."

"అవునండీ."

"గాఢంగా?"

"చాలా గాఢంగా అండీ."

రాసుకున్నాడు. కాగితాలు సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని ఆమె సర్వీసు రిజిస్టరులో ఎక్కించి, చదివి వినిపించాడు: 'సదరు ఉపాధ్యాయురాలి బోధన వలన ఏ విద్యార్థికీ ఏనాడూ ఎటువంటి ఆసక్తీ కలుగలేదని విచారణలో నిస్సందేహముగా రుజువైనందున, ఆమె తరగతిలో పాఠములు చెప్పుకొనుటకు శాఖకు అభ్యంతరము లేదు.'